ఆ తొమ్మిది వేలు దేనికి తీసుకున్నారో ముందు అడగండి

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో 19 ఏళ్లుగా చిన్న వర్క్‌షాపు నడుపుకున్నాను. పని చేసేది నేనూ, ఒక కుర్రవాడూ. ఇంటి పరిస్థితుల వల్ల విజయవాడ ఆటోనగర్‌కు మారాను. హెచ్‌ఎంటీ ఎల్‌బీ-17 లేతు, ప్రాగా సర్ఫేస్ గ్రైండరు, ఒక పిల్లర్ డ్రిల్లు తరలించడానికి ఒక ప్యాకర్స్ సంస్థతో 68,000 రూపాయలకు మాట్లాడుకున్నాను. అందులో 9,000 బీమాకని చెప్పారు. బిల్టీలో (సరుకు రవాణా రసీదులో) మొత్తం సరుకు విలువ 3 లక్షలని రాశారు, నేనూ సరేనన్నాను. దించడానికి హైడ్రా క్రేన్ తెస్తామన్నవారు తేలేదు. డీసీఎం లారీ నుంచి చెక్కబల్లలు వాల్చి, పైపుల మీద జార్చారు. లేతు పక్కకు ఒరిగి పడింది. లీడ్ స్క్రూ వంగింది, హెడ్‌స్టాక్ పక్క గేర్ల మూత పగిలింది, కాలు ఒకటి బీట ఇచ్చింది. ఇప్పుడు ముక్క టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం) వస్తోంది, లేతు బెడ్ (పొడవాటి అడుగు దిమ్మ) వంగిపోయిందని అనుకుంటున్నాను. గ్రైండరు చక్రం తీయకుండానే లారీ ఎక్కించారు. అది తిరుగుతోంది కానీ కొంచెం శబ్దం వస్తోంది. తెలిసిన మెకానిక్ బెడ్ గ్రైండింగుకు 60,000తో కలిపి మొత్తం 1,40,000 అవుతుందన్నాడు. వాళ్లేమో బిల్టీ వెనక "యజమాని రిస్కు" అని ఉందని, నేను ఆపిన 28,000లో 15,000 తగ్గించుకుని మిగిలిన 13,000 కట్టి, ఇక ఏ బాకీ లేదని సంతకం పెట్టమంటున్నారు. ఆ రోజు "మంచి స్థితిలో ముట్టింది" అన్న కాగితం మీద మా కుర్రవాడు సంతకం చేశాడు. ఫొటోలు, వీడియో ఉన్నాయి. బుక్ చేసి 23 రోజులైంది. ఒప్పుకోమంటారా? పోలీసులకు చెప్పాలా? చేతిలో పని ఉంది, రిపేరు చేయించుకోవచ్చా? ఒక రేడియల్ డ్రిల్లు ఇంకా బాలానగర్‌లోనే ఉంది.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చివరికి నెట్టేసిన గ్రైండరు సంగతి ముందు. దాన్ని ఇక తిప్పకండి. స్విచ్ తీసేసి, చక్రం విప్పండి. పొడిగుడ్డతో తుడిచి, నడిమి రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు పిడితో నాలుగు వైపులా మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి చూస్తాం కదా, అదే పరీక్ష. ఖంగుమంటే చక్రం వరకు భయం లేదు. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టే, దాన్ని ముక్కలు చేసి పారేయండి. బీట ఉన్న చక్రం వేగం అందుకున్నాక పేలితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. అన్ని గంటల కుదుపుల్లో, పైగా దించేటప్పుడు, స్పిండిల్ మీద చక్రం బరువు ఉంచేశారు కాబట్టి బేరింగుల్లోనూ దెబ్బ ఉండవచ్చు. ఆగి ఉన్న బేరింగుకు గట్టి దెబ్బ తగిలితే లోపలి బంతులు అవి తిరిగే గాడిలో చిన్న గుంటలు చేస్తాయి. మీరు వింటున్న శబ్దం అదే కావచ్చు. ఆ శబ్దాన్ని తిప్పుతూ వినడం కాదు, స్పిండిల్‌కు డయల్ గేజి పెట్టి చేత్తో తిప్పుతూ అంకెలు రాసుకోవాలి. చక్రం బీట ఇచ్చి ఉంటే ముక్కలు చేసే ముందు ఫొటో తీయండి. అదీ మీ లెక్కలో చేరుతుంది.

ఇప్పుడు లేతు. ఇక్కడ మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. బెడ్ వంగిందని మీరు నమ్మేశారు, మీ మెకానిక్ దానికి 60,000 అంచనా కూడా వేశాడు. పోత ఇనుము దెబ్బకు వంగే రకం కాదు, పగిలే రకం. టన్నుకు పైగా బరువున్న ఆ లేతును కొత్త షెడ్డులో, కొత్త కాంక్రీటు మీద నిలబెట్టారు. కాలొకటి బీట ఇచ్చింది కూడా. నాలుగు మూలలూ సమంగా ఆనకపోతే బెడ్ మెలికపడుతుంది, ముక్క టేపర్ వస్తుంది. అది బెడ్ పాడవడం కాదు, లెవెల్ చేయకపోవడం. మీ ఉత్తరంలో లెవెల్ చేసినట్టు ఒక్క మాటా లేదు.

కాబట్టి ఆ కాలు కింద తాత్కాలికంగా గట్టి ఆధారం పెట్టి, మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చూపే ఇంజినీరింగ్ లెవెల్ తెప్పించండి. తాపీ మేస్త్రీ రసమట్టం దీనికి పనికిరాదు. బెడ్ మీద పొడవునా, అడ్డంగా చూసి, రేకు ముక్కలు పెడుతూ సరిచేయండి. తరవాత చక్‌లో ఒక లావాటి కడ్డీ బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, చక్ దగ్గర ఒక పట్టీ, చివర ఒక పట్టీ సన్నగా కోయండి. రెండింటి వ్యాసాలూ మైక్రోమీటరుతో కొలిచి చూడండి. లెవెల్‌కు ముందు ఎంత తేడా ఉంది, తరవాత ఎంత ఉంది అన్నది తేదీతో రాసుకోండి. తేడా పోతే బెడ్‌కు ఏమీ కాలేదు, 60,000 మిగిలింది. పోకపోతే హెడ్‌స్టాక్ తన చోటి నుంచి కదిలిందా, బెడ్‌లోనే పగులు ఉందా అని చూడాలి. పగులు వెతకడానికి రంగు స్ప్రేలు దొరుకుతాయి. లేకపోతే మన పాత పద్ధతే ఉంది. అనుమానం ఉన్న చోట కిరోసిన్ రాసి, ఒక అరగంట ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దండి. పగుల్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి సుద్దలో తడి గీతలా కనిపిస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం యంత్రం ఒక్కటే కాదు. "బెడ్ వంగింది" అని నోటీసులో రాసి 1,40,000 అడిగారనుకోండి. వాళ్లు ఒక ఇంజినీరును పంపుతారు, అతను గంటలో లెవెల్ చేసి టేపర్ మాయం చేస్తాడు. ఆ తరవాత నిజంగా వంగిన లీడ్ స్క్రూ గురించి మీరు చెప్పినా ఎవరూ నమ్మరు. ఉన్న నష్టం చాలు, లేనిదాన్ని కలిపి ఉన్నదాన్ని పోగొట్టుకోకండి.

లీడ్ స్క్రూను ప్రెస్సులో పెట్టి సాపు చేస్తామని చెప్పేవాళ్లు ఆటోనగర్‌లో తప్పక దొరుకుతారు. మామూలు టర్నింగుకు అది సరిపోవచ్చు. మరలు కోసే పని మీకు ఎక్కువగా ఉంటే మాత్రం మార్చడమే మేలు. పాత యంత్రాలు విప్పి అమ్మే దుకాణాల్లో ఈ మోడల్ విడిభాగాలు వెతకండి, బాలానగర్‌లో మీకు తెలియని వీధి ఉండదు. కాలు బీటను మాత్రం పక్క వీధి వెల్డరు చేతికి ఇవ్వకండి. మామూలు రాడ్డుతో పోత ఇనుమును అతికితే అతుకు నిలుస్తుంది, దాని పక్కనే కొత్త బీట పుడుతుంది. వేడిచేసి నికెల్ రాడ్డుతో చేసేవారో, ఇత్తడి అతుకు వేసేవారో కావాలి. అది తెలిసిన చేయి వేరే ఉంటుంది.

అయితే ఈ మరమ్మతులన్నీ కాగితం పని అయ్యాకే. అందుకే శీర్షికలో ఆ తొమ్మిది వేల మాట పెట్టాను.

మీ నుంచి బీమా పేరుతో 9,000 తీసుకున్నారు. 3 లక్షలకు సరిగ్గా 3 శాతం. బీమా అంటే ఒక బీమా కంపెనీ ఉండాలి, పాలసీ నంబరు ఉండాలి. లారీ వాళ్లు తమకు తాముగా బీమా అమ్మలేరు, దానికి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న కంపెనీ కావాలి. ఇవాళే రాతపూర్వకంగా అడగండి: పాలసీ ఏ కంపెనీది, నంబరు ఎంత, కాపీ పంపండి అని. పాలసీ నిజంగా ఉంటే వెంటనే ఆ కంపెనీకి తెలియజేయాలి. వాళ్ల సర్వేయరు వచ్చి చూసేదాకా మరమ్మతు కోసం ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. ఇరవై మూడు రోజుల ఆలస్యానికి కారణమూ రాయండి, పాలసీ వివరాలు మీకు ఇవ్వలేదన్నదే ఆ కారణం.

పాలసీ లేదని తేలితే వాళ్ల దగ్గర రెండే జవాబులు ఉంటాయి. ఒకటి, బీమా అని చెప్పి డబ్బు తీసుకుని చేయలేదని ఒప్పుకోవడం. వినియోగదారుల కమిషన్ ముందు అంతకంటే అధ్వానమైన మాట ఇంకొకటి ఉండదు. రెండు, "అది బీమా కాదు, సరుకు విలువ మీద రిస్కు చార్జీ" అనడం. చాలామంది ఇదే అంటారు. అంటే సరుకు రిస్కు తమ నెత్తిన వేసుకోవడానికి డబ్బు తీసుకున్నట్టే కదా! ఇక బిల్టీ వెనక "యజమాని రిస్కు" అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసుకుంటే మాత్రం ఏమి లాభం? ఏ దారిన వెళ్లినా ఆ 9,000 రసీదు వాళ్ల కాలికే చుట్టుకుంటుంది.

ఆ అచ్చు మాటకు మామూలుగా కూడా అంత బలం లేదు. రోడ్డు రవాణా చట్టం 2007లో వచ్చింది, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సరుకు దెబ్బతింటే, అది రవాణాదారు నిర్లక్ష్యం వల్లే జరిగిందని మీరు నిరూపించనక్కర్లేదని దాని 12వ సెక్షన్ చెబుతుంది. ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఉత్తర్వు లాంటివేవైనా అడ్డుపడ్డాయని తప్ప వాళ్లు తప్పుకోలేరు. హైడ్రా అద్దె మిగుల్చుకోవడం ప్రకృతి వైపరీత్యం కాదు. "యజమాని రిస్కు" అని రాసుకున్నంత మాత్రాన సొంత మనుషుల నిర్లక్ష్యం నుంచి రవాణాదారు బయటపడడని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

అదే చట్టం వాళ్ల బాధ్యతకు ఒక హద్దు కూడా పెట్టింది. మామూలుగా కిరాయికి పది రెట్లు, అదీ మీరు ప్రకటించిన విలువకు మించకుండా. ప్యాకింగు, హమాలీ ఖర్చులు తీసేస్తే అసలు కిరాయి 40,000 మాత్రమేనని వాళ్లు వాదించినా పది రెట్లు 4 లక్షలు. కాబట్టి మీకు అడ్డొచ్చేది మీరు సరేనన్న 3 లక్షల అంకే. మీ నష్టం దానికి లోపలే ఉంది కనుక ఈసారి బయటపడ్డారు. లేతు పూర్తిగా విరిగి ఉంటే, బీమా చార్జీలో మిగిల్చుకున్న నాలుగైదు వేల కోసం లక్షలు వదులుకునేవారు. మన వర్క్‌షాపుల్లో ఈ అలవాటు ఎంత పాతుకుపోయిందో నాకు తెలుసు, నేనూ చేసినవాణ్ణే.

ఇక గడువు. సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావా వేసే వీలే ఉండదని 16వ సెక్షన్ అంటుంది. సరుకు చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. మీకు 157 రోజులున్నాయి కదా అని కూర్చోకండి. "మాట్లాడుతున్నాం, చూస్తున్నాం" అని ఆరు నెలలు గడిపించడం కొందరికి బాగా తెలిసిన విద్య. ఫోన్లో ఎంత బాగా మాట్లాడినా అది నోటీసు కాదు. లాయరు లేకుండా మీరే రాయవచ్చు. ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీ, ఫలానా నంబరు బిల్టీ కింద హైదరాబాద్ నుంచి విజయవాడకు మీరు రవాణా చేసిన నా యంత్రాలు, మీ మనుషులు క్రేన్ లేకుండా దించడం వల్ల దెబ్బతిన్నాయి. దెబ్బల వివరాలు, ఫొటోలు జతచేశాను. 2007 రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ కింద ఇది నోటీసు. ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో మీ మనిషి వచ్చి యంత్రాలను పరిశీలించవచ్చు. రాకపోతే స్వతంత్ర ఇంజినీరుతో నివేదిక రాయించి మరమ్మతు మొదలుపెడతాను. బీమాకని తీసుకున్న 9,000కు పాలసీ కాపీ, మీ రవాణా రిజిస్ట్రేషన్ నంబరు పంపండి. మిగతా 28,000ను నష్టపరిహారం తేలేదాకా అందులో సర్దుబాటు కోసం ఆపాను."

అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి, అదే మెయిల్‌లోనూ పెట్టండి. చివరి వాక్యం వదిలేయకండి. కారణం రాయకుండా డబ్బు ఆపితే రేపు మిమ్మల్ని ఎగవేతదారుడంటారు.

రిపేరు చేయించుకోవచ్చా అన్నదానికి ఇందులోనే జవాబుంది. ఏడు రోజులు ఆగి, ఒక చార్టర్డ్ ఇంజినీరునో, లైసెన్సున్న సర్వేయరునో పిలిచి నివేదిక తీసుకుని మొదలుపెట్టండి. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత మీ మీదా ఉంటుంది కాబట్టి నెలల తరబడి యంత్రాన్ని అలాగే ఉంచడం మీకే చేటు. తీసేసిన ప్రతి ముక్కా, ఆ వంగిన స్క్రూతో సహా, గోనెసంచిలో కట్టి దాచండి. పాత ఇనుము కింద అమ్మేయకండి. పని ఆగిన రోజుల నష్టం కోసం ఆర్డర్ కాగితాలు జతచేయండి కానీ దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి పరోక్ష నష్టాన్ని రవాణా తగాదాల్లో రాబట్టడం కష్టం.

ఆ సంతకం పెట్టినందుకు మీ కుర్రవాణ్ణి తిట్టాలనిపించవచ్చు. వద్దు. డ్రైవరు కాగితం చాపి "ఇక్కడ పెట్టు" అంటే పెట్టాడు. ఆ సంతకం మీ కేసును కొంచెం నొప్పిస్తుంది కానీ చంపదు. లేతు పడిన వీడియో అదే రోజుది, వెంటనే వాళ్లకు ఫొటోలు పంపి ఉంటే ఆ సందేశం కూడా అదే రోజుది. ఫోను మార్చకండి, వాటిని చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి, అసలు ఫైలు మీ దగ్గరుంటే అది తేలిక. ఈసారి నుంచి ముట్టిన కాపీ మీద సంతకానికి పైన "లేతు పక్కకు పడింది, మూత పగిలింది" అని నాలుగు మాటలు రాసి, మీ కాపీ మీద డ్రైవరు సంతకం తీసుకోవాలి.

పోలీసుల దగ్గరికి వెళ్లి ప్రయోజనం లేదు. సామాను ఆపి అదనపు డబ్బు గుంజితే అది వేరే కథ. ఇది సివిల్ వ్యవహారమని మిమ్మల్ని పంపించేస్తారు.

వినియోగదారుల కమిషన్ మీకు అనువైన చోటు. మీరు ఉండే, పనిచేసే ఊళ్లోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని సంస్థలు అక్కడికే దిగివస్తాయి. వాళ్ల లాయరు "ఇది వ్యాపారం, మీరు వినియోగదారుడే కాదు" అంటాడు. సొంతంగా నడుపుకుని బతకడానికి లేత్ కొనుక్కున్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని సుప్రీంకోర్టు 1995లో ఒక తీర్పులో ఉదాహరణగా చెప్పింది. మీ కోసమే రాసినట్టు లేదూ! కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మినహాయింపు వస్తువుల గురించి రాసి ఉంది కాబట్టి, సేవలకు వర్తించదని వాదన పెట్టవచ్చు. ఫిర్యాదులో మీరు స్వయంగా లేతు నడుపుతారనీ, అదే జీవనాధారమనీ మొదటి పేరాలోనే రాయండి. అక్కడ కుదరకపోతే సివిల్ కోర్టు ఉంది, దానికి మూడేళ్లు. ఆ దారిలో లాయరు ఖర్చు మీ నష్టాన్ని మింగేస్తుంది.

కాబట్టి రాజీకి తలుపు మూయకండి. బెడ్ బాగానే ఉందని తేలితే మీ అసలు ఖర్చు 80,000 దగ్గర నిలుస్తుంది, గ్రైండరు బేరింగులు పాడైతే అది పైన. మీ చేతిలో 28,000 ఉంది. నేనైతే, వాళ్లు ఆ 28,000 వదులుకుని పైన 40,000 ఇస్తే సరే అంటాను. కాలాన్ని కూడా డబ్బుగా లెక్కేస్తే అది చెడ్డ బేరం కాదు. వాళ్ల 15,000 మాత్రం బేరం కాదు, మీ అలసట మీద వేసిన వల. ఎంత తీసుకున్నా "పరిహారంలో కొంత మొత్తం, మిగతా హక్కులకు భంగం లేకుండా" అని రాసి తీసుకోండి. "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం మొత్తం చేతికి వచ్చిన రోజే.

బాలానగర్‌లో మిగిలిన రేడియల్ డ్రిల్లు గురించి. నేను ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో మాకొక మేస్త్రీ ఉండేవాడు. పైపులు, గడ్డపలుగులు, "ఐలెస్సా" తప్ప అతని దగ్గర ఏమీ లేదు. ఎంత యంత్రమైనా కదిలించే ముందు దాని మీద గ్లాసుడు నీళ్లు పెట్టించేవాడు. ఒలికితే ఆపేవాడు. పైపుల మీద జార్చడం తప్పు కాదు, తెలియని చేతుల్లో వాలుబల్ల మీద జార్చడం తప్పు. ఈసారి ఇంటి సామాను వాళ్లను కాక, యంత్రాలు ఎత్తే ముఠాను పట్టుకోండి. రెండు చివరలా క్రేన్ ఎవరు తెస్తారో బిల్టీ మీదే రాయించండి. విలువ నిజమైనది రాయండి, బీమా మీరే నేరుగా బీమా కంపెనీ దగ్గర, ఎక్కించడం దించడం కూడా కలిసేలా తీసుకోండి. రేడియల్ డ్రిల్లు ఆర్మ్‌ను పూర్తిగా కిందికి దించి, బేస్ మీదికి తిప్పి, డ్రిల్ హెడ్‌ను స్తంభం దగ్గరికి జరిపి, అన్ని తాళాలూ బిగించాకే బెల్టు వేయనివ్వండి. తాళం బిగించని ఆర్మ్ గాలిలో తిరిగిందంటే కింద నిలబడ్డ మనిషిని కొడుతుంది.